ఏది ముందైతే అది

పోయిన ఆదివారం మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, కొత్త బండి బుక్ చేశాను. ఎక్స్‌టెండెడ్ వారంటీకి ఇంకో 24 వేలు కట్టమంటున్నారు. కట్టనా, వద్దా?" వాడు హనుమకొండలో బ్యాంకు ఉద్యోగి. ఇంటికీ బ్యాంకుకీ మధ్య 4 కిలోమీటర్లు. ఏడాదికోసారి సంక్రాంతికి విజయవాడ, వీలైతే ఒక తిరుపతి ప్రయాణం, అంతే వాడి తిరుగుడు. కట్టేసెయ్ అని అర నిమిషంలో చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. నేను ముప్పావుగంట మాట్లాడాను. పెట్టేశాక మా ఆవిడ, "వాడు అడిగింది కట్టాలా వద్దా అని. మీరు చెప్పిందంతా మీ గోల" అంది. నిజమే. ఆ గోలే ఇక్కడ రాస్తున్నాను.

నాది కోల్డ్ స్టోరేజీల్లో అమోనియా కంప్రెసర్లు, కండెన్సర్లు బాగుచేసే పని. గుంటూరు చుట్టుపక్కల మిర్చి స్టోరేజీలు, భీమవరం వైపూ నెల్లూరు వైపూ రొయ్యల ప్లాంట్లు. నాతో ఇద్దరు కుర్రాళ్లుంటారు. డిక్కీలో ఎప్పుడూ టూల్ బాక్సు, అతుకుల దగ్గర లీకు ఆపే గాస్కెట్ల కిట్లు, రెండు క్యాన్ల ఆయిలు. నెలకు 5,500 కిలోమీటర్లు తగ్గవు. మిర్చి లోడింగ్ జోరుగా ఉండే ఎండాకాలంలో 7 వేలు కూడా అవుతాయి. 2022 ఫిబ్రవరిలో కొన్న డీజిల్ బండి మీటరు ఇప్పుడు 2,58,000 దాటింది. కంపెనీ పేరు రాయను. రాస్తే ఇది ఆ కంపెనీ మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది. నా పేచీ అన్ని కంపెనీల వారంటీ పుస్తకాల్లోనూ కనిపించే ఒక్క ముక్కతో: "ఏది ముందైతే అది."

మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మా బామ్మర్దికి ఎప్పుడూ ఏళ్లే ముందొస్తాయి. నాకు ఎప్పుడూ కిలోమీటర్లే.

మూడేళ్లు అంటే 18 నెలలు

నా బండికి మామూలు వారంటీ మూడేళ్లు, లక్ష కిలోమీటర్లు. 2023 ఆగస్టులో అయిపోయింది. దానిపైన ఐదేళ్లు, లక్షన్నర కిలోమీటర్లదాకా ఎక్స్‌టెండెడ్ కట్టాను. అది 2024 మేలో అయిపోయింది. ఐదేళ్లకని డబ్బు కట్టి 27 నెలలు వాడుకున్నానన్నమాట. షోరూంలో కుర్రాడు కాగితం మీద "5 ఇయర్స్" అని పెద్దగా రాసి దాని చుట్టూ గీసిన సున్నా ఇప్పటికీ గుర్తుంది. కిలోమీటర్ల అంకె దాని కిందే ఉంది, దానికి సున్నా చుట్టలేదు.

ఒకప్పటితో పోలిస్తే ఇదే నయం. మారుతి వాళ్లది మొన్నమొన్నటిదాకా 2 ఏళ్లు, 40 వేల కిలోమీటర్లే. 2024 జులై నుంచి దాన్ని 3 ఏళ్లు, లక్ష చేశారు. పాత లెక్కయితే నాకు ఏడు నెలలకే చెల్లుచీటీ. హ్యుందాయ్, కియా లాంటివి సొంత కార్లకు కిలోమీటర్ల పరిమితి లేకుండా మూడేళ్లు ఇస్తున్నాయి. మరి అదే కొనుక్కోవచ్చుగా అంటారు. అనాల్సిందే. ఆ రోజు నేను డిక్కీ కొలతలు చూసుకున్నాను గానీ ఈ సంగతి చూసుకోలేదు. అది నా తప్పు.

ఈ "ఏది ముందైతే అది" మొన్న టోల్ గేట్ల దగ్గర కూడా ఎదురైంది. 2025 ఆగస్టు 15 నుంచి 3 వేలకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది కదా. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. విజయవాడ నుంచి నెల్లూరు వెళ్లొస్తే కాజ, బొల్లాపల్లి, టంగుటూరు, ముసునూరు, అటు నాలుగు, ఇటు నాలుగు. ఒక్కో గేటూ ఒక ట్రిప్పు కింద లెక్క, అంటే ఒక్క ప్రయాణానికి 8 ట్రిప్పులు. నా వార్షిక పాస్‌కి కార్తీకమాసంలోనే సంవత్సరం నిండింది. ఇందులో మాత్రం నాకేం బాధ లేదు, ఒక్కో గేటుకి 15 రూపాయలు పడింది, మళ్లీ కొనుక్కున్నాను. వారంటీని అలా మళ్లీ కొనుక్కోలేం.

కిలోమీటరును కొలతగా పెట్టుకోవడమే తప్పని చాలాకాలం వాదించేవాణ్ని. హైవే మీద గంటకు సగటున 60 వేసుకున్నా, నా ఏడాది తిరుగుడు 66 వేల కిలోమీటర్లకు ఇంజిన్ నడిచేది 1,100 గంటలు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో గంటకు 20 చొప్పున పాకే బండి అదే 1,100 గంటల్లో 22 వేల కిలోమీటర్లే తిరుగుతుంది. దాని క్లచ్చు, బ్రేకులు, గేర్లు నా బండి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తాయి. బీఎస్ 6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అది కాస్త వేగంలో కాసేపు ఆగకుండా పోతేనే తనలోని మసిని కాల్చుకుంటుంది. రోజూ 4 కిలోమీటర్లు తిప్పి ఆపేసే డీజిల్ బండిలో అది పూడుకుపోతుంది. నాకు ఇన్నేళ్లలో ఆ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. అయినా కాగితం ప్రకారం ముసలిది నా బండే.

ట్రాక్టర్లను చూడండి. వాటికి గంటల మీటరు ఉంటుంది. సర్వీసూ గంటల్లోనే, వారంటీ కూడా ఇన్నేళ్లు లేదా ఇన్ని గంటలు అనే. నేను చూసే కంప్రెసర్లూ అంతే, ఏ ప్లాంటుకెళ్లినా మొదట చూసేది గంటల మీటరే. కారుకు కూడా అలాగే పెట్టొచ్చు కదా అని ఒక సర్వీస్ అడ్వైజర్‌తో అంటే నవ్వి, "అప్పుడు ఏసీ వేసుకుని బండిలో నిద్రపోయే డ్రైవర్లు మా మీద పడతారు సార్" అన్నాడు. ఆ మాటా కొట్టిపారేసేది కాదు.

అయినా గంటల్లో కొలిస్తే నాకు కాస్త లాభం, అంతే. నేను పట్టుకోవాల్సిన చోటు వేరే ఉందని, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో పోయాక తెలిసింది.

సున్నా రూపాయల బిల్లు

2023 అక్టోబరు 10. నెల్లూరు నుంచి తిరుగు ప్రయాణం. రాత్రి పదిన్నరకు మేదరమెట్ల దాటాక ఇంజిన్ లైటు వెలిగింది, బండి లింప్ మోడ్‌లోకి పోయింది. ఎంత తొక్కినా 40 దాటదు. వెనక లారీల హారన్లు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని ఎడమ పక్కనే పాక్కుంటూ ఇల్లు చేరేసరికి రెండు కావస్తోంది. మీటరు 1,12,000 దగ్గర ఉంది. ఎక్స్‌టెండెడ్ ఉంది కదా అని ఆ రాత్రి నిజంగా హాయిగానే పడుకున్నాను.

పొద్దున సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి, సెన్సర్ మీద మసి ఉంది, శుభ్రం చేస్తే సరిపోతుందన్నారు. చేశారు. ట్రయల్‌కి తీసుకెళ్తే వారధి ఎక్కేలోపే మళ్లీ అదే లైటు. మూడో రోజుకి టర్బోను అదుపు చేసే యాక్చువేటర్ పోయిందని తేల్చారు. అది విడిగా రాదట, టర్బో మొత్తం మార్చాలి. క్లెయిమ్ పెట్టారు. పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది: 60 వేల సర్వీసు 61,100 దగ్గర ఎందుకు చేయించారు? ఎందుకంటే ఆ వారం భీమవరంలో ఒక బ్లాస్ట్ ఫ్రీజర్ ఆగిపోయి నేను నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. 10 వేలకోసారి సర్వీసంటే మిగతావాళ్లకు ఏడాదికోసారి. నాకు 55 రోజులకోసారి. ఏడాదికి ఆరేడుసార్లు వెళ్తే అందులో ఒక్కసారి 1,100 కిలోమీటర్లు ఆలస్యమైంది. దానికి నా చేత ఒక ఉత్తరం రాయించుకున్నారు. అప్రూవల్ రావడానికి ఆరు రోజులు.

ఆ తర్వాత పార్టు వేరే రాష్ట్రంలోని డిపో నుంచి రావాలన్నారు. మధ్యలో దసరా. ఆయుధపూజ రోజు మా వీధిలో బండ్లన్నింటికీ బంతిపూల దండలు, నిమ్మకాయలు. మా ఇంటి ముందు స్కూటీకి ఒక్కదానికే పూజ చేసింది మా ఆవిడ. పండగ వెళ్లాక టర్బో వచ్చింది, దాంతో రావాల్సిన గాస్కెట్లు రాలేదు. గాస్కెట్ల కోసం ఇంకో నాలుగు రోజులు. డిక్కీ నిండా గాస్కెట్ కిట్లు పెట్టుకుని తిరిగేవాడికి ఈ మాట చెప్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాటి ధర 380 రూపాయలు, తర్వాత బిల్లులో చూశాను.

చివరికి బిల్లు చేతికొచ్చింది. టర్బో 61 వేల చిల్లర, లేబరు విడిగా. కింద మొత్తం దగ్గర సున్నా. సర్వీస్ అడ్వైజర్ ఆ సున్నాని వేలితో చూపించి, "చూశారా సార్, వారంటీ లేకపోతే ఎంతయ్యేదో!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్. పదికి పది ఇవ్వండి. తొమ్మిది ఇచ్చినా మాకు సున్నా లెక్కే" అన్నాడు. పాతికేళ్లుంటాయేమో ఆ అబ్బాయికి. ఆ పందొమ్మిది రోజులూ నా ఫోన్ ప్రతిసారీ ఎత్తాడు, ఒక్కసారి విసుక్కోలేదు. పది ఇచ్చాను. కాబట్టి కంపెనీ లెక్కల్లో నా టర్బో కథ వాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గది: క్లెయిమ్ పాస్, కస్టమర్ ఖర్చు సున్నా, రేటింగ్ పది.

ఇంకో లెక్క నా ఫాస్టాగ్ స్టేట్‌మెంట్లో ఉంది. అక్టోబరు 10 రాత్రి బొల్లాపల్లి, ఆ తర్వాత కాజ. దాని కింది వరుస అక్టోబరు 30 పొద్దున కాజ. ఆ రెండు వరుసల మధ్య తెల్ల గీత ఒక్కటే ఉంది, ఆ గీతలో 19 రోజులున్నాయి. అందులో 11 రోజులు రోజుకు 3,500 పెట్టి కిరాయి బండి మాట్లాడుకున్నాను, 38,500 అయింది. మిగతా రోజులు బస్సులో వెళ్లాను, లేదా వెళ్లలేదు. నెల్లూరు పక్కన ఒక ప్లాంటు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి వేరేవాళ్లను పిలుచుకున్నారు. ఆ ప్లాంటు మళ్లీ నా దగ్గరికి రాలేదు. దాని విలువ ఎంతని వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. ఏడెనిమిదేళ్ల కిందట గుంటూరులో ఒక స్టోరేజీలో కంప్రెసర్ బేరింగ్ పోతే, నేను కూడా అచ్చం ఆ అబ్బాయిలాగే, "పార్టు ఆర్డర్ పెట్టామండి, నాలుగు రోజుల్లో వస్తుంది" అన్నాను. ఆ ఓనరు పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే, "నీ పార్టు సంగతి నాకెందుకు బాబూ, నా మిరపకాయ సంగతి చెప్పు" అన్నాడు. లోపల వేల బస్తాలు రైతులవి, వ్యాపారులవి ఉన్నాయి. చలి తగ్గితే కాయ రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే రేటు తగ్గుతుంది. నేను పెట్టిన ఆర్డర్‌ను మిరపకాయ ఆగి చూడదు.

ఆ తర్వాత నుంచి నా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితాల్లో గంటలు రాస్తున్నాను. ఫోన్ చేసిన ఆరు గంటల్లో మనిషి అక్కడుండాలి. 24 గంటల్లో మెషిన్ నడవాలి, లేదా స్టాండ్‌బై మీద గది చల్లగా ఉండాలి. దాటితే రోజుకింత అని నా బిల్లులోంచి కోత. మొదటి ఏడాది రెండుసార్లు కోత పడింది. ఆ దెబ్బతో బేరింగులు, వాల్వ్ ప్లేట్లు, ఆయిల్ సీళ్లు కొని ఇంట్లో అరల నిండా పేర్చుకున్నాను. అవి ఉన్నాయని కాగితంలో ఎక్కడా రాయలేదు, కోత ఉందని రాశాను, అంతే. అరలు వాటంతట అవే నిండాయి.

అందుకే కారు వారంటీ పుస్తకంలో ఏ పేజీలోనూ రోజు అనే మాట లేకపోవడం నాకు అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పార్టు ధర వాళ్లు భరిస్తారు. ఆలస్యం ధర నేను భరిస్తాను. ఆలస్యానికి తమ జేబులోంచి రూపాయి పోనప్పుడు 380 రూపాయల గాస్కెట్‌ను విజయవాడలో నిల్వ ఉంచాల్సిన అవసరం వాళ్లకేముంది?

దీనికి ఎదురు వాదన నాకూ తెలుసు. నేను చూసేవి పాతిక లోపు ప్లాంట్లు, నాలుగైదు రకాల మెషిన్లు. కార్ల కంపెనీకి లక్షల బండ్లు, ఒక్కో బండిలో వేల పార్టులు. ప్రతి ఊళ్లో అన్నీ పెట్టుకోవాలంటే ఆ ఖర్చు తిరిగి బండి ధరలోనే పడుతుంది. ఇంటికీ బ్యాంకుకీ తిరిగే మా బామ్మర్ది, నాలాంటివాడి తొందర కోసం ఎందుకు ఎక్కువ కట్టాలి? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కనీసం డబ్బు కడతామన్నవాళ్లకైనా అమ్మొచ్చు కదా అనిపిస్తుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీలాగే, వారం దాటితే వేరే బండి ఇవ్వడమో, రోజుకింత అని కిరాయి ఇవ్వడమో. నేనైతే సంతోషంగా కట్టేవాణ్ని. ఇన్సూరెన్స్‌లో రోజువారీ భత్యం అని ఒక యాడ్ ఆన్ దొరుకుతుంది గానీ, అది యాక్సిడెంట్ క్లెయిమ్‌కే. టర్బో దానంతట అది పోతే రాదు.

ఫ్రీమాంట్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకుతో ఈ మాటలు వచ్చినప్పుడు, "మా దగ్గర లెమన్ లా ఉంది కదరా" అన్నాడు. కాలిఫోర్నియాలో కొత్త బండి మొదటి 18 నెలల్లో లేదా 18 వేల మైళ్లలో, రిపేర్ల కోసం అన్నీ కలిపి 30 రోజులకు మించి షెడ్డులో ఉంటే దాన్ని పనికిరాని బండి కింద లెక్కగట్టి, వెనక్కి తీసుకోమనో మార్చి ఇమ్మనో అడగడానికి బలం వస్తుంది. రోజుల్ని లెక్కపెట్టే చట్టం ఒకటుందని విని ముచ్చటేసింది. అందులో కూడా ఆ అలవాటైన ముక్కే ఉంది చూశారా: 18 నెలలు లేదా 18 వేల మైళ్లు, ఏది ముందైతే అది. 18 వేల మైళ్లంటే దాదాపు 29 వేల కిలోమీటర్లు. నా తిరుగుడుకి అయిదున్నర నెలలు కూడా రాదు.

మన దగ్గర వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు, సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్నవాడు మాత్రం అవుతాడు. ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్న నేను ఎటువైపు వస్తానో తేలేసరికి ఇంకో లక్ష కిలోమీటర్లు తిరిగేస్తాను. వెళ్లలేదు.

చిలకలూరిపేటలో మూడు గంటలు

వారంటీ పోయాక భయం వేసింది. నిజానికి ఆ తర్వాతే బండి తక్కువ రోజులు ఆగింది. 1,63,000 దగ్గర చిలకలూరిపేట ఊరి బయట బ్యాటరీ లైటు వెలిగింది. పక్కనే లారీలకు కరెంటు పని చేసే షెడ్డు. బనీను మీదున్న మేస్త్రీ బానెట్ ఎత్తి, మల్టీమీటరు కూడా పెట్టకుండానే, "డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదు" అన్నాడు. విప్పి చూస్తే లోపల కార్బన్లు అరిగి వేలి గోరంత మిగిలాయి. అవీ, రెగ్యులేటరూ మార్చాడు. టీ రెండుసార్లు తాగాను. మూడు గంటలు, 2,400 రూపాయలు. అదే సర్వీస్ సెంటర్లో అయితే డైనమో మొత్తం మార్చాల్సిందే, లోపలి ముక్క మార్చే పద్ధతి వాళ్లకు లేదు. మార్చాలంటే ఆర్డర్ పెట్టాలి.

ఇది చదివి షెడ్డులే గొప్పవని రాస్తున్నాననుకుంటారేమో. ఆటోనగర్‌లో వేయించిన వీల్ బేరింగ్ 14 వేల కిలోమీటర్లకే మళ్లీ ఊళ వేయడం మొదలుపెట్టింది. బిల్లు లేదు, డబ్బా ఏ కంపెనీదో గుర్తులేదు, వేసిన మనిషి ఒంగోలు వెళ్లిపోయాడట. రెండోసారి షోరూం పార్టే తెప్పించి వేయించాను, దాని జోలికి మళ్లీ పోలేదు. ఇంజెక్టర్ల లాంటివైతే బయట ముట్టుకోనివ్వను. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే ఒక స్కూలు మాస్టారు 1966లో కొన్న వోల్వోని 2013 నాటికి 30 లక్షల మైళ్లు నడిపి గిన్నిస్‌కెక్కాడు. ఆయన సలహా, కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు సర్వీసు చేయించుకోమనే. ఆ మాట నేనూ నమ్ముతాను. నా బండికి ఇన్ని కిలోమీటర్లు పట్టించింది 55 రోజులకోసారి మార్చిన ఆయిలే. వారంటీ పోయాక కూడా ఆ ఫైలు ఆపలేదు.

ఇప్పుడు నేను చేసేది ఒకటే. ఆగిపోతే బండిని పడుకోబెట్టే సామాన్లు ఏవో రాసుకున్నాను: ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు, డీజిల్ ఫిల్టరు, రెండు సెన్సర్లు లాంటి చిల్లరవి. కంప్రెసర్ బేరింగుల పక్క అరలో అవీ కొని పెట్టుకున్నాను. మొత్తం 17 వేలయింది. డీజిల్ ఫిల్టరు ఒకటి ఇప్పటికే అక్కరకొచ్చింది, మిగతావి ఊరికే దుమ్ము పట్టి ఉన్నాయి. మా ఆవిడ ఆ అరను చూసినప్పుడల్లా ఏదో ఒకటి అంటుంది.

బామ్మర్దికి ఎక్స్‌టెండెడ్ కట్టమనే చెప్పాను. వాడికి ఏళ్లు ముందొస్తాయి కాబట్టి గిట్టుబాటే. కాకపోతే కట్టేముందు షోరూంలో ఒక్క ప్రశ్న అడగమన్నాను: ఈ మోడల్‌కి పోయిన ఏడాది మీ వర్క్‌షాపులో పార్టు కోసం ఎక్కువ రోజులు ఆగిన బండి ఎన్ని రోజులు ఆగింది? నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. అడిగాడట. సేల్స్ అబ్బాయి కాసేపు వాడి మొహం చూసి, కనుక్కుని ఫోన్ చేస్తానని నంబరు రాసుకున్నాడట. ఇంకా ఫోన్ రాలేదు. డబ్బు మాత్రం కట్టేశాడు.